పాత తెలుగు పుస్తకాన్ని డిజిటైజ్ చేయడం ఎలా? హైదరాబాదు గ్రంథాలయాలకు సమగ్ర మార్గదర్శి

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆ పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీది పెద్ద పాత్ర. అయినా తెలుగులో పేరు కొట్టి వెతికితే వాటిలో చాలా పుస్తకాలు దొరకవు. వాటి పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు నమోదు చేశారు. కొన్నింటిలో రచయిత గడి ఖాళీగా ఉంటుంది, కొన్నింటిలో పేజీలే ఉండవు. పుస్తకం ఇంటర్నెట్లో ఉంటుంది, పాఠకుడికి మాత్రం చేరదు. అందుకే ఈ మార్గదర్శిలో స్కానింగు కంటే దానికి ముందు చేసే పేజీల తనిఖీకి, తర్వాత చేసే వివరాల నమోదుకు ఎక్కువ చోటిచ్చాం. సుల్తాన్ బజారులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం లాంటి పాత సంస్థకైనా, రెండు బీరువాల కాలనీ గ్రంథాలయానికైనా పద్ధతి ఇదే.

ముందు ఏ పుస్తకం తీయాలి?

బీరువాలో మొదటి అర నుంచి వరసగా మొదలుపెట్టకండి. ఇప్పటికే మంచి స్కాన్ ఉన్న పుస్తకం మీద శ్రమ దండగ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ తెలుగు వికీసోర్స్‌లోనూ పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో కనీసం మూడు నాలుగు స్పెల్లింగులతో మరోసారి వెతకండి. దీర్ఘం ఉన్నచోట ఒక ‘ఏ’, రెండు ‘ఏ’లు, ‘శ’కు ‘ఎస్’, ‘ఎస్‌హెచ్’, ‘త’కు ‘టి’, ‘టీహెచ్’ మార్చి చూడాలి. దొరికితే మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో ఓ పది పేజీలు తెరిచి చూడండి. అంచులు తెగిపోయినా పేజీలు లేకపోయినా మీ ప్రతిని మళ్లీ తీయడం సమంజసమే.

కరపత్రాలు, సంస్థల వార్షిక నివేదికలు, నిజాం కాలపు తెలంగాణ ప్రచురణలు, చిన్న పత్రికల సంచికలను అన్నిటికంటే ముందు తీయండి. వీటికి రెండో ప్రతి దొరకడం అరుదు.

హక్కుల లెక్క

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. కాబట్టి ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 జనవరి 1న స్వేచ్ఛా పరిధిలోకి వచ్చాయి. శ్రీశ్రీ మరణించింది 1983లో, అంటే 2043 ఆఖరు దాకా ఆగాలి. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచనకు, పేరు తెలియని రచనకు, ప్రభుత్వ ప్రచురణకు ప్రచురణ సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కించాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మూల రచయితను చూసి అనువాదకుణ్ణి మరిచిపోతారు. అనువాదానికి, పీఠికకు, బొమ్మలకు వేర్వేరు హక్కులుంటాయి. ప్రబంధం పాతదే కావచ్చు, 1970లో దానికి టీక రాసినాయన హక్కు ఇంకా ఉండవచ్చు.

హక్కులున్న పుస్తకాన్ని స్కాన్ చేయకూడదని కాదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న అచ్చు ప్రతిని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని 2012 సవరణ తర్వాత 52వ సెక్షన్ చెబుతోంది. అలాంటి ఫైలును లోపల దాచండి, బయట పెట్టకండి.

ఫోటో తీసే ముందు పుస్తకాన్ని తనిఖీ చేయండి

ఈ పనికి పుస్తకానికి పావుగంట పడుతుంది. దీన్ని దాటేస్తే తర్వాత రోజులు పోతాయి.

మెత్తటి బ్రష్‌తో కుట్టు నుంచి బయటికి దుమ్ము దులపండి. ఎన్95 మాస్కు తప్పనిసరి. వేలికి ఉమ్మి తడి చేసి పేజీ తిప్పొద్దు, చిరుగులకు సెల్లోటేపు అంటించొద్దు. టేపు బంక కొన్నేళ్లకు కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి అక్షరాలను తినేస్తుంది. వానాకాలంలో పేజీలు అతుక్కుని ఉంటే లాగకండి. ఆ పుస్తకాన్ని గాలి ఆడే పొడి గదిలో నిలబెట్టి తర్వాతి వంతుకు వాయిదా వేయండి.

ఇప్పుడు పేజీలు లెక్కపెట్టాలి. పాత పుస్తకాలను ఫారాల లెక్కన అచ్చువేశారు, ఎక్కువగా 8 లేదా 16 పేజీలకు ఒక ఫారం. చాలా పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున, ఎడమ మూలలో చిన్న అంకె కనిపిస్తుంది. అది ఫారం సంఖ్య. 16 పేజీల ఫారమైతే ఆ అంకెలు 1, 17, 33, 49 పేజీల కింద వరసగా రావాలి. 32వ పేజీ తర్వాత వచ్చే పేజీ అడుగున 3కు బదులు 4 కనిపిస్తే బైండరు ఫారాలు తారుమారు చేశాడన్నమాట. ఒక ఫారం రెండుసార్లు కుట్టి మరొకటి వదిలేసిన ప్రతులు కూడా ఉంటాయి. పీఠిక పేజీలకు వేరే వరస ఉంటుంది, కొన్నిసార్లు రోమన్ అంకెలు, కొన్నిసార్లు ౧, ౨, ౩. అందుకే మొత్తాన్ని ఒకే సంఖ్యగా కాక ‘16+184+4’ అని రాసుకోండి. లేని పేజీలు, చిరిగినవి, చెదలు తిన్నవి విడిగా రాయండి. ఇదే కాగితం తర్వాత వివరాల పట్టికకు ఆధారం.

ఫోటో తీయడం

ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పుస్తకాన్ని బోర్లించి నొక్కితే పాత కుట్టు తెగుతుంది. దాన్ని మధ్యలో పిన్నులు కొట్టిన కరపత్రాలకూ విడి కాగితాలకూ వాడండి. బైండు పుస్తకానికి ఫోన్ కెమెరా, చెక్క ఊతం, గాజుపలక చాలు.

రెండు ప్లైవుడ్ పలకలను దాదాపు 100 డిగ్రీల కోణంలో వీ ఆకారంలో బిగించమని వడ్రంగికి చెప్పండి. పుస్తకం అందులో సగం తెరుచుకుని పడుకుంటుంది, వెన్నుకు ఒత్తిడి ఉండదు. పేజీ మీద పెట్టడానికి 4 మిల్లీమీటర్ల గాజు, అంచులు గ్రైండ్ చేయించినది తీసుకోండి. లైట్లు ట్రూప్ బజారులో దొరుకుతాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి, 5000 కెల్విన్ దగ్గరవి ఉండాలి. చెరో పక్క నుంచి పేజీకి 45 డిగ్రీల్లో పెడితే గాజు మీద మెరుపు పడదు. ఫోను పేజీకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి, లేదంటే పై పంక్తులు చిన్నవిగా, కింది పంక్తులు పెద్దవిగా వస్తాయి.

రిజల్యూషన్ లెక్క ఇలా చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 × 3000 పిక్సెళ్లు. డెమ్మీ సైజు పేజీ ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. చుట్టూ కొంత ఖాళీ వదిలి ఫ్రేములో 10 అంగుళాలు పట్టించారనుకుంటే 4000ని 10తో భాగిస్తే 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు). రెండు పేజీలూ ఒకే ఫోటోలో తీస్తే అది 320కి పడిపోతుంది. ఇంగ్లిష్‌కు 300 సరిపోవచ్చు. తెలుగులో వత్తులు, గుడులు, పొల్లు చిన్న అచ్చులో కలిసిపోతాయి కాబట్టి 400కు తగ్గొద్దు. మొదటి ఫ్రేములో పుస్తకం పక్కన స్టీలు స్కేలు పెట్టి తీయండి, అసలు డీపీఐ ఎంతో దాన్ని బట్టే తేలుతుంది.

ఒకే పక్క పేజీలన్నీ మొదట తీయండి. బేసి పేజీలు అయ్యాక పుస్తకాన్ని తిప్పిపెట్టి సరి పేజీలు మొదటి నుంచి తీయండి. ఫోను కదలదు, ఫోకస్ మారదు, వేగం పెరుగుతుంది. చివర రెండు గుంపుల లెక్క సమానంగా ఉండాలి. ఒకటి తక్కువైతే ఎక్కడో రెండు ఆకులు కలిసి తిరిగాయి. అప్పుడే సరిచూడండి, పుస్తకం బీరువాలోకి వెళ్లాక కాదు.

ఇక ఫోటోలు ఎలా చెడిపోతాయో చూద్దాం. ఫోటోలో అడ్డంగా నల్లచారలు వస్తే లైటు మినుకు కారణం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే చారలు పోతాయి. నీడ ఒక పేజీలో ఉండి మరో పేజీలో లేకపోతే పైన తిరిగే ఫ్యాను చూడండి. ఫ్యాను ఆపాల్సిందే, కాబట్టి ఎండాకాలంలో ఈ పనిని పొద్దున్నే పెట్టుకోవడం మంచిది. కిటికీ వెలుగు, లైటు వెలుగు కలిస్తే పేజీకో రంగు వస్తుంది, కర్టెన్లు వేయండి. డాక్యుమెంట్ స్కానింగ్ యాప్‌ల ఆటోమేటిక్ కత్తిరింపు అసలు వాడొద్దు. అది పేజీ సంఖ్యనూ ఫారం అంకెనూ నరికేస్తుంది.

ఫైళ్ల పేర్లలో పుస్తకం పేరు పెట్టకండి. అక్సెషన్ నంబరు (గ్రంథాలయ రిజిస్టరులో పుస్తకానికి ఇచ్చిన సంఖ్య), అండర్‌స్కోర్, నాలుగంకెల వరస చాలు. 04521_0001, 04521_0002 ఇలా. ఏ కంప్యూటర్లోనైనా వరస తప్పదు. ఫోన్ తీసిన జేపెగ్‌ను అలాగే మూల ప్రతిగా దాచండి. దాన్ని టిఫ్‌గా మార్చితే సైజు పెరుగుతుందే తప్ప నాణ్యత పెరగదు. స్కానర్‌తో తీస్తే మాత్రం నేరుగా రంగుల టిఫ్ తీయండి. డెమ్మీ పేజీ 400 డీపీఐలో కుదించకుండా దాదాపు 22 ఎంబీ, 200 పేజీలకు నాలుగున్నర జీబీ.

శుభ్రం చేయడం

ఉచితంగా దొరికే స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ ఈ పనికి సరిపోతుంది. ఫోటోలు ఎక్కించగానే అది డీపీఐ అడుగుతుంది. స్కేలు ఫోటో చూసి లెక్కగట్టిన సంఖ్య ఇవ్వండి. ఇక్కడ తప్పు సంఖ్య ఇస్తే పేజీ కొలతలు తప్పి ఆఖరి పీడీఎఫ్ గోడపత్రికంత సైజులో తేలుతుంది. తర్వాత దిశ సరిచేయడం, పేజీలు విడదీయడం, వాలు తీయడం, అచ్చు భాగం గుర్తించడం, మార్జిన్లు, ఔట్‌పుట్ వరసగా వస్తాయి. అచ్చు భాగం గుర్తించే దశలో ప్రతి పేజీనీ కంటితో చూడాలి. పేజీ సంఖ్యలను, ఫుట్‌నోట్లను అది తరచూ వదిలేస్తుంది.

మచ్చలు తీసే సదుపాయం ఆపేయండి. అరసున్న, పొల్లు, విసర్గ చుక్కలు దాని కంటికి దుమ్ములాగే ఉంటాయి. ‘దుఃఖము’ కాస్తా ‘దుఖము’ అయిపోతుంది. పేజీ మీద మిగిలే నాలుగు మచ్చల వల్ల నష్టమేమీ లేదు.

పీడీఎఫ్ చేసేటప్పుడు ఫైలు సైజు తగ్గించే జేబిగ్2 కుదింపులో సమాచారం నష్టపోయే (లాసీ) రకాన్ని ఎంచుకోకండి. ఒకే పోలిక ఉన్న అక్షరాలను ఒకటే అనుకుని ఒకదాని బొమ్మను మరోదాని చోట పెట్టేస్తుంది. 2013లో జిరాక్స్ యంత్రాల్లో అంకెలు మారిపోయినట్టు బయటపడింది ఈ కారణంతోనే. ప, వ, ష లాంటి పోలికున్న అక్షరాలుండే మన లిపిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఓసీఆర్

పేజీ బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే పాఠంగా మార్చడమే ఓసీఆర్. న్యాప్స్2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఓసీఆర్ సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు భాషా ఫైలును దించుకోండి. లోపల పనిచేసేది టెసరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజిన్. బేసి, సరి గుంపులను ఇంటర్‌లీవ్ ఆదేశంతో కలిపేది కూడా ఇక్కడే. కలిపాక పీడీఎఫ్‌గా దాచితే పేజీ బొమ్మ వెనక వెతకగలిగే పాఠం చేరుతుంది. ఒకటి రెండు పేజీలకైతే గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవడం తేలిక. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి.

ఫలితం ఎంత బాగుందో ఊహించొద్దు, లెక్కపెట్టండి. మధ్య పేజీలో పది పంక్తులు తీసుకుని తప్పు అక్షరాలు గుర్తుపెట్టండి. 200 అక్షరాల్లో 10 తప్పులంటే 95 శాతం, వెతుకులాటకు పనికొస్తుంది. అంతకు బాగా తగ్గితే దోషం ఓసీఆర్‌ది కాదేమో చూడండి, చాలాసార్లు ఫోటో మసకగా ఉంటుంది.

తెలుగులో పదేపదే వచ్చే తప్పులు కొన్నే. థ, ధ, ద తారుమారవుతాయి. ఘ, ఫ కలిసిపోతాయి. పాత అచ్చులో ౯ అంకెలా కనబడే వలపలగిలకను (ర్‌కు గుర్తు) ఓసీఆర్ నిజంగానే తొమ్మిది అనుకుంటుంది. అంతకంటే కంటికి కనపడని తప్పు సున్న. అనుస్వారం ం బదులు తెలుగు అంకె ౦ వస్తుంది. చదివేవారికి తేడా తెలియదు, కానీ ‘గ్రంథము’ అని వెతికితే ఆ పేజీ దొరకదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అక్షరం తర్వాత వచ్చే ౦ అన్నిటినీ ంగా మార్చండి. అంకె తర్వాత వచ్చేవాటిని ముట్టుకోవద్దు, ౧౦ అంటే పదే. అరసున్న, శకటరేఫ, ౘ, ౙ అన్నిటికీ యూనికోడ్‌లో చోటుంది. నకారపొల్లు పాత రూపానికి కూడా 2021లో చోటిచ్చారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

పేజీ ఫోటో ఇచ్చి పాఠం రాయమంటే కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు ఇప్పుడు చక్కటి తెలుగు రాసిస్తున్నాయి. ఆ చక్కదనమే చిక్కు. టెసరాక్ట్ తప్పు చేస్తే అర్థంలేని అక్షరాలు వస్తాయి, కంటికి తగులుతాయి. చాట్‌బాట్ తప్పు చేస్తే అర్థవంతమైన వేరే మాట వస్తుంది. అరసున్నలు తీసేసి, ‘చేసెను’ను ‘చేశాడు’గా మార్చి, చిరిగిన చోట తనకు తోచిన పదం నింపగలదు. విషయసూచిక టైపు చేయించుకోవడానికి వాడండి. పద్యాలకు, శాసన పాఠాలకు, గణాంకాలకు వాడితే ప్రతి పంక్తినీ అచ్చుతో పోల్చాల్సిందే.

మొత్తం పాఠం దిద్దే ఓపిక ఉంటే వికీసోర్స్‌ను మించిన చోటు లేదు. పక్కపక్కనే పేజీ బొమ్మ, పాఠం కనిపిస్తాయి. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండో వ్యక్తి సరిచూస్తే ఆకుపచ్చ. డిగ్రీ విద్యార్థులకు ఈ పని అప్పగించవచ్చు. వికీమీడియా కామన్స్ మాత్రం భారత చట్టంతోపాటు అమెరికా చట్టం కూడా చూస్తుంది. ఇక్కడ హక్కులు తీరిన పుస్తకం అక్కడ తీరకపోవచ్చు, ముందే సరిచూడండి.

వివరాల పట్టిక

తొందర పడకూడని చోటు ఇది. పుస్తకం పేరు లోపలి శీర్షిక పేజీలో ఎలా ఉంటే అలా, తెలుగు లిపిలో రాయండి. అట్ట మీది పేరు వేరైతే దాన్ని ‘మరో పేరు’ గడిలో ఇవ్వండి. ‘అను’తో ముడిపడిన జంట పేర్లను రెండూ ఇవ్వండి. ఇంగ్లిష్ అక్షరాల పేరుకు ఐఎస్ఓ 15919 పద్ధతి పాటించి, మామూలుగా జనం కొట్టే స్పెల్లింగును కూడా చేర్చండి. రచయిత పేరులో ఇంటిపేరు పొడి అక్షరాలను తెలిసినంతవరకు విప్పండి. ఒకే పేరున్న ఇద్దరు రచయితలను విడదీయడానికి వికీడేటా సంఖ్య పనికొస్తుంది.

సంవత్సరం దగ్గర చాలామంది గడి ఖాళీగా వదిలేస్తారు. పుస్తకంలో ఆధారాలు ఉంటాయి. ‘విజయ నామ సంవత్సరం’ అని ఉంటే అది 1893–94 కావచ్చు, 1953–54 కావచ్చు, 60 ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. ఏదో తేల్చడానికి ధర చూడండి. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. ‘న.పై.’ అని నయాపైసల్లో ఉంటే 1957–64 మధ్యది.

నిజాం రాష్ట్రంలో అచ్చయిన పుస్తకాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలపండి. 1348 ఫసలీ అంటే 1938 అక్టోబరు నుంచి 1939 అక్టోబరు దాకా. మద్రాసు రాజధానిలో ఫసలీ జులైలో మొదలయ్యేది కాబట్టి అచ్చయిన ఊరు చూసి నెలలు లెక్కించాలి. ధర హాలీ సిక్కాలో (నిజాం నాణెం) ఒకటి, కల్దారులో (బ్రిటిషు నాణెం) ఒకటి రెండూ వేసి ఉంటే పుస్తకం నిజాం రాష్ట్రంలోనూ బ్రిటిషు ప్రాంతంలోనూ అమ్మకానికి పెట్టిందన్నమాట. ఆ రెండు ధరలూ నమోదు చేయండి, చరిత్రకారులకు విలువైన సమాచారం. మీరు ఊహించి రాసిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి, ఆధారమేమిటో గమనికలో రాయండి.

ముద్రాక్షరశాల, ప్రచురణకర్త వేర్వేరు. రెండూ రాయండి. గ్రంథమాల పేరు, అందులో సంఖ్య, ఎన్నో కూర్పు, ప్రతులెన్ని, తనిఖీలో రాసుకున్న ‘16+184+4’, లేని పేజీలు కూడా చేర్చండి. 97, 98 పేజీలు లేవని రాసి ఉంటే ఆ రెండు పేజీలు తన ప్రతిలో ఉన్న మరో గ్రంథాలయం వాటిని పంపగలదు.

దాచడం, అందరికీ అందించడం

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే భవనంలో. ఒకే గదిలో రెండు హార్డ్ డిస్కులు పెడితే వరదనీరు వచ్చిన రోజు రెండూ పోతాయి. డిస్కులు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొంటే వేర్వేరు కంపెనీలవి తీసుకోండి, ఒకే బ్యాచ్ డిస్కులు ఒకేసారి చెడే అవకాశం ఉంది. ప్రతి పుస్తకం ఫోల్డరుకూ షా-256 చెక్‌సమ్ జాబితా తయారుచేసి పక్కనే ఉంచండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా చెక్‌సమ్ మారిపోతుంది. ఆరు నెలలకోసారి డిస్కును కలిపి చెక్‌సమ్ సరిపోల్చండి. సరిపోని ఫైలును రెండో ప్రతి నుంచి తెచ్చుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు భాష గడిలో తెలుగు అని తప్పక ఎంచుకోండి. గుర్తింపు పేరు జాగ్రత్తగా పెట్టండి, తర్వాత మీరు మార్చలేరు. గ్రంథాలయం పేరు, అక్సెషన్ నంబరు కలిపి పెడితే ఎవరి ప్రతో ఎప్పటికీ తెలుస్తుంది.

చివరగా గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా. మీ క్యాటలాగులో ఆ పుస్తకం రికార్డు తెరిచి లింకుల కోసం ఉండే మార్క్ 856 గడిలో లింకు చేర్చండి. తెలుగులో కొట్టినా కోహాలో పుస్తకం దొరకడం లేదంటే కోహా వెతుకులాటకు వాడే జెబ్రా ఇండెక్సింగ్, తెలుగు లాంటి లిపులకు సరిపోయే ఐసీయూ పద్ధతిలో ఉందో లేదో చూడమని సర్వర్ చూసేవారికి చెప్పండి. మార్చాక మొత్తం రికార్డులను మళ్లీ ఇండెక్స్ చేయాలి, లేకపోతే పాతవి దొరకవు. అట్ట లోపలి పుస్తక కార్డు మీద పెన్సిలుతో ‘డిజిటల్ ప్రతి ఉంది’ అని, తేదీ రాసి పుస్తకాన్ని అరలో పెట్టండి. తర్వాత అడిగినవారికి ముందు ఫైలు చూపించండి, కాగితం తప్పనిసరైన వారికే ఆ ప్రతిని ఇవ్వండి.